మూడు గంటలు కూడా పట్టని దూరం

జైపాల్ అరుణాచల్ కొండల్లో సొరంగం పనికి పోతానన్న రోజు వాళ్లమ్మ సారక్క పొయ్యి వెలిగించలేదు. ఆ రాష్ట్రం పేరు ఆమె అంతకుముందు విన్నది కాదు. చైనా పక్కన అని వాడకట్టులో ఎవరో అనేసరికి గుండె ఇంకా జారిపోయింది.

"బొగ్గుబాయిల దిగినన్ని రోజులు నువ్వు పైకొచ్చేదాక పానం అరచేతుల పట్టుకొని కూసున్న. ఇప్పుడు కండ్లకు కనవడని కొండలల్లకు పోతనంటె నేనేం గావాలెరా?" అని గోడకు ఒరిగి కూర్చుంది.

జైపాల్ తల్లి పక్కన చతికిలబడి ఫోను తీశాడు. రెండు ఊళ్ల పేర్లు కొట్టగానే పటం మీద ఒక గీత పడింది.

"అవ్వా, ఇటు చూడు. ఇది మన రామగుండం ఎయిర్‌పోర్టు. అగో, ఆ చివరిది నేను పోయే తూరింగ్ ఎయిర్‌పోర్టు. విమానంల మూడు గంటలు గూడ పట్టదని రాసింది. పొద్దుగాల ఫోన్ చేస్తివనుకో, బువ్వ యాల్లకు నీ ముంగటుంట."

సారక్కకు చదువు రాదు. గీతను మాత్రం ఈ కొస నుంచి ఆ కొసదాకా వేలితో తడిమింది. అది జానెడు కూడా లేదు.

"గింతేనా?"

"గింతేనే అవ్వా."

కుట్టు మిషను ముందున్న కోడలు సంతోషి మెడ సాచి చూసింది. ఫోను అబద్ధం చెప్పలేదు. ఆకాశంలో కొలిస్తే దూరం అంతే. కానీ రామగుండం ఎయిర్‌పోర్టు అంటే బసంత్‌నగర్ దగ్గర గడ్డి మొలిచిన పాత రన్‌వే. అక్కడ విమానం దిగగా ఆమె ఎన్నడూ చూడలేదు. పెళ్లయిన కొత్తలో జైపాల్ ఆమెకు స్కూటీ నేర్పింది ఆ రన్‌వే మీదే, అడ్డమొచ్చిన మేకలను తోలుకుంటూ. తూరింగ్‌లో ఉన్నది కూడా కొండల నడుమ చిన్న మైదానమేనని జైపాలే ఆమెకు చెప్పాడు. మబ్బు లేని రోజు చూసుకుని హెలికాప్టర్ ఒకటి వచ్చిపోతుందట. ఈ రెండింటి నడుమ ఏ విమానమూ తిరగదు. ఎవరో అడిగారు కాబట్టి ఫోను గీత గీసి, లెక్క కట్టి చెప్పింది, అంతే.

జైపాల్ తల్లి చూడకుండా పెళ్లానికి కన్ను గీటాడు. సంతోషి నవ్వు ఆపుకుని బట్ట మీదికి వంగింది. ఆ సాయంత్రం సారక్క లేచి అన్నం వండింది.

అతను సరదాకు పోతున్నది కాదు. తండ్రి, బతికుండగా, బాయి పనికి అన్‌ఫిట్ అయినప్పుడు ఆ నౌకరి పెద్దకొడుకు రఘుపతికి వచ్చింది. చిన్నవాడు జైపాల్ కాసిపేట దిక్కు బాయిల్లో కాంట్రాక్టు మీద డ్రిల్లింగ్ చేశాడు. రాయిని చేత్తో తట్టి ఎక్కడ బోలుగా ఉందో చెప్పేవాడని తోటివాళ్లు అనేవారు. ఆ పని ఆగిపోయాక ఏడాదిపాటు అదీ ఇదీ చేస్తూ తిరిగాడు. సొరంగాలు తొలిచే కంపెనీ ఒకటి ఇక్కడి మనుషులను వెతుక్కుంటూ వచ్చేసరికి కాసిపేట కిషన్‌తో కలిసి పేరు రాయించుకున్నాడు. రైలెక్కించేటప్పుడు రఘుపతి తమ్ముడి బ్యాగు తన భుజాన వేసుకుని ప్లాట్‌ఫారం చివరిదాకా దించలేదు. "నా నౌకరి నీకొచ్చుంటె నువ్వు ఈడనే ఉంటుంటివిరా" అన్నాడు. జైపాల్ నవ్వి, "ఊకో అన్నా, నువ్వొకటి" అని బ్యాగు గుంజుకున్నాడు.

ఉగాదికి ఒకసారి వచ్చాడు. జీపు, పడవ, రైలు, మళ్లీ రైలు. వచ్చేసరికి మనిషి ఒళ్లంతా పుండయి ఉంది. మూడు గంటలకు ఇంత అలసటేమిట్రా అని సారక్క అడిగితే, "ఎయిర్‌పోర్టుల కూసోబెట్టిర్రే" అన్నాడు. సంతోషి అప్పుడూ నోరు విప్పలేదు. అత్తకు ధైర్యం ఉంటే తనకూ కొంచెం ధైర్యంగానే ఉండేది. జైపాల్ ఫోను దొరకని రోజుల్లో సారక్క అడిగేది, "ఎంత దూరమన్నడే?" సంతోషి చీరకు ఫాల్ కుడుతూ తల ఎత్తకుండానే చెప్పేది, "మూడు గంటలత్తా." ఆ మాట వినగానే ముసలామె పోయి పడుకునేది.

శ్రావణమాసంలో ఒక పొద్దున, కూతురు ప్రణవిని బడికి పంపి సంతోషి మిషను ముందు కూర్చోగానే జైపాల్ ఫోన్ చేశాడు. ఆ వేళకు అతను షిఫ్టులో ఉండాలి.

"ఏమైంది, డ్యూటీ లేదా?"

"ఛాతిల బరువుగ ఉందే. పొద్దుగాల మెట్లు ఎక్కుతుంటె పట్టేసింది. క్యాంపు డాక్టరు నాలుక కింద గోలీ పెట్టిండు. దవాఖానకు తీస్కపోతమంటున్నరు."

సంతోషి మిషను ముందు నుంచి లేచింది. "ఎడమ చెయ్యి గుంజుతాందా?"

"కొంచెం. ఫికర్ చెయ్యకు. హెలికాప్టర్‌కు చెప్పిర్రు. మైదానం కాడనే ఉన్నం. అది రాంగనే దిబ్రూగఢ్‌ల పెద్ద దవాఖాన, గంట గూడ పట్టదంట. అవ్వకు చెప్పకు."

ఆమె చెప్పలేదు. పక్కింటి లిడియా దగ్గరికి పరిగెత్తింది. లిడియా బళ్లో పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. వాడకట్టులో ఎవరికి ఏ ఆపద వచ్చినా ముందు ఆమె తలుపే కొడతారు. ఇద్దరూ లిడియా ఇంటి మెట్ల మీద ఫోను నడుమ పెట్టుకుని కూర్చున్నారు. జైపాల్ మళ్లీ చేశాడు. ఈసారి గొంతు సన్నగా ఉంది.

"మబ్బు దిగింది సంతూ. హెలికాప్టర్ అటు సగం దాక వచ్చి మర్లిపోయిందంట. మబ్బు కొంచెం లేస్తె మళ్ల వస్తదట."

"రోడ్డు మీదికెల్లి తీస్కపోరా? జీపుల?"

"మొన్నటి వానకు కొండ చరియ పడి రోడ్డు తెగింది. ఇగో కిషన్ ఉన్నడు నా పక్కన. పాప బడికి పోయిందా?"

"పోయింది. నువ్వు మాట్లాడకు. ఊపిరి నిమ్మళంగ తీస్కో."

"నువ్వు మాట్లాడు మరి. నేను వింట."

ఇక్కడ ఎండ కాస్తోందని చెప్పింది. ప్రణవి పన్ను ఊడిందని, దాన్ని ఇంటి మీద విసిరేస్తే మళ్లీ కింద పడిందని చెప్పింది. అటు నుంచి చిన్నగా నవ్వు వినిపించింది. తరవాత గరగరమని చప్పుడు, లైను తెగింది. మళ్లీ కలిపితే కలవలేదు. లిడియా కళ్లు మూసుకుని పెదవులు కదుపుతూ ప్రార్థన చేస్తోంది. సంతోషి తల పైకెత్తి చూసింది. తమ గోదావరిఖని ఆకాశంలో ఆ పూట ఒక్క మబ్బు తునక లేదు. ఓపెన్‌కాస్టు గని దిక్కు నుంచి లేచిన దుమ్ము మాత్రం పలచగా పరుచుకుని ఉంది.

మధ్యాహ్నం ఫోను మోగింది. కిషన్.

"వదినా..." అన్నాడు. ఆ వెంటనే ఏడ్చేశాడు.

రఘుపతి డ్యూటీ నుంచి బట్టలు కూడా మార్చుకోకుండా వచ్చాడు. బొగ్గు చేతులతోనే తమ్ముడి ఇంటి గడప పట్టుకుని కూలబడ్డాడు. సారక్కకు అతనే చెప్పాడు. ఆమె ముందు నమ్మలేదు, తరవాత ఏడవనూ లేదు. లేచి వాకిలి ఊడవడం మొదలుపెట్టింది. "తీస్కస్తరు గద. మూడు గంటలల్ల వస్తడు. వాకిట్ల మనుషులు కూసోవాలె."

ఎవరూ ఆమెకు అడ్డు చెప్పలేదు. వాడకట్టు కుర్రాళ్లు టెంటు వేశారు, కుర్చీలు తెచ్చారు, ఫ్రీజర్ బాక్సుకు చెప్పారు. రఘుపతి కారు మాట్లాడుకుని హైదరాబాదు పోయి, అక్కడి నుంచి విమానంలో దిబ్రూగఢ్ చేరాడు. పోయేముందు సంతోషి చేతులు పట్టుకున్నాడు. "తమ్మున్ని తీస్కనే వస్త సంతోషి. ఏమన్న గానీ, తీస్కనే వస్త."

కానీ దిబ్రూగఢ్ దగ్గరే ఆగిపోయాడు. కొండల మీద మబ్బు అట్లాగే ఉంది. హెలికాప్టర్ లేవలేదు. రోడ్డు తెగినచోట మట్టి తీస్తుంటే పైనుంచి మళ్లీ కూలింది. ఆ మట్టికి ఇవతల అన్న, అవతల తమ్ముడి శవం. తూరింగ్‌లో ఉన్నది చిన్న దవాఖాన, శవాన్ని పెట్టే చల్లటి గది లేదు. ఊళ్లో దొరికిన ఐసు తెచ్చి చుట్టూ పేర్చారు. మరునాటికి ఆ ఐసు కరిగిపోయింది.

రఘుపతి ఫోన్ చేసినప్పుడు అతని గొంతు వెనక వాన చప్పుడు వినిపిస్తూనే ఉంది. "ఇంకో రోజు చూద్దమా అంటె చూస్తమంటున్నరు. కానీ అప్పటిదాక మనిషి ఒళ్లు ఆగదు సంతోషి. నేను బాయిల అసొంటియి చూసిన. నా తోని అయితలేదు, నువ్వే చెప్పు. నువ్వు ఏమంటె అదే."

"బావా, నేనెట్ల చెప్పాలె?"

"నువ్వే చెప్పాలె. వాడు నీ మనిషి." అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "వాని నౌకరి నేను చేసిన. ఇప్పుడు వాన్ని తీస్కరావడం గూడ నాతోని అయితలేదు."

సంతోషి ఫోను పెట్టేసి టెంటు కిందికి వచ్చింది. ప్రణవి లిడియా ఒళ్లో నిద్రపోతోంది. వచ్చిన చుట్టాలు మాటలాపి ఆమె వైపు చూశారు. సారక్క ఖాళీ ఫ్రీజర్ బాక్సు పక్కనే చాప వేసుకుని కూర్చుని ఉంది. సంతోషి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"అత్తా, ఆయన్ను ఆడనే సాగనంపుదమంటున్నరు."

"ఆడ ఎందుకు? ఆడ మనోళ్లు ఎవరున్నరు?" సారక్క గొంతు గట్టిగానే ఉంది. "మూడు గంటలు గూడ పట్టదన్నడు. నిన్నటి సంది ఎన్ని మూడు గంటలయినయో నేను చూసుకుంటనే ఉన్న. మీకు తెచ్చే మనసు లేదు."

"ఆ విమానం లేదత్తా."

"ఏంది?"

"ఈడికి ఆడికెల్లి ఏ విమానం రాదు. బసంత్‌నగర్‌ల ఏనాడన్న విమానం దిగంగ చూసినవా? ఫోన్ల ఉత్త లెక్క చెప్పింది. నువ్వు బుగులు పడ్తవని ఆయన గట్ల చెప్పిండు. వచ్చినప్పుడు గూడ రోజుల కొద్ది రైళ్లల్ల కూసొనే వచ్చిండు."

సారక్క కోడలి ముఖంలోకి చూసింది.

"నీకెరుకనా?"

"ఎరుకనే."

"ఇన్ని నెలలు నేను అడిగితె, నువ్వు గూడ మూడు గంటలనే అన్నవు."

"అన్న."

ముసలామె ముఖం గోడవైపు తిప్పుకుంది. "వాడు పోయి వానల పడి ఉన్నడు, మీరిద్దరు గలిసి నన్ను నవ్వులాటకు పెట్టిర్రు" అంది. అది నవ్వులాట కాదని చెప్పినా ఆ పూట ఆమె వినేది కాదు. సంతోషి లేచి, టెంటు బయటికి పోయి కిషన్‌కు ఫోన్ చేసింది.

"కానియ్యుండ్రి" అంది.

"తలకొరివి ఎవలు పెట్టాలె వదినా? అన్న ఇవతలికి రాకపాయె."

జైపాల్ ఆఖరి మాటల్లో కిషన్ తన పక్కన ఉన్నాడని చెప్పిన సంగతి సంతోషికి గుర్తొచ్చింది.

"నువ్వే పెట్టు కిషన్. నీకన్న దగ్గరోళ్లు ఆడ ఎవరున్నరు?"

అవతల కిషన్ వెక్కి వెక్కి ఏడవడం వినిపించింది.

వీడియోలో చూపిస్తానని అతను మాట ఇచ్చాడు. లిడియా ఫోనును స్టూలు మీద గ్లాసుకు ఆనించి పెట్టింది. అందరూ వంగి చూశారు. నది ఒడ్డు, రేకులు కప్పిన చిన్న పాక, దాని కింద కట్టెలు. పసుపు రంగు రెయిన్‌కోట్లు వేసుకున్న మనుషులు చాలామందే ఉన్నారు. జైపాల్ ముఖం ఒక్కసారి కనిపించింది, కనిపించింది అనుకునేలోగా బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి ఆగిపోయింది. ప్రణవి "డాడీ" అని ఫోను మీదికి చెయ్యి చాపింది. ఆగిన బొమ్మలో తెల్లటి మబ్బూ, ఎవరిదో మోచెయ్యీ మిగిలాయి. ఆ తరవాత అది మళ్లీ కదలలేదు. కట్టెలు తడిసి చాలాసేపు అంటుకోలేదని తరవాతెప్పుడో తెలిసింది.

సారక్క ఆ ఫోను దగ్గరికి రాలేదు.

మరునాడు తూరింగ్ మీద మబ్బు విడిచింది. ఎండ కాసింది. రఘుపతిని ఎక్కించుకున్న హెలికాప్టర్ గంట లోపలే ఆ మైదానంలో దిగింది. అతను ఫోన్ చేసి ఆ సంగతి చెప్పాడు. "ఒక్క రోజు, సంతోషి. ఒక్క రోజు ఆగకపోతిమి" అన్నాడు. తొందరపడ్డానా అన్న మాట సంతోషి లోపల అప్పుడే మొలిచింది. అది ఎన్నటికీ పోదని కూడా ఆమెకు అప్పుడే తెలిసిపోయింది.

రఘుపతి మట్టికుండలో తమ్ముణ్ణి తెచ్చాడు. కుండ మూతికి తెల్లబట్ట కట్టి, దారి పొడుగునా ఒళ్లోంచి దించకుండా తెచ్చాడు. గోదావరి వంతెన కింద, నీళ్లు ఎర్రగా పారుతున్న పూట, ఆ అస్థికలను కలిపారు. సారక్క ఒడ్డున నిలబడింది. కోడలి భుజం పట్టుకోమని ఎవరో చెప్తే రఘుపతి చెయ్యి పట్టుకుంది.

ఇంట్లో ఆమె సంతోషితో మాట్లాడడం మానేసింది. మంచినీళ్లు కావాలంటే మనవరాలిని అడిగేది. సంతోషి పళ్లెంలో అన్నం పెట్టి ఆమె ముందు ఉంచి పక్కకు పోయేది. తాను ఎదురుగా ఉంటే అత్తకు ముద్ద దిగదని ఆమెకు తెలుసు. లిడియా ఒకరోజు, "నేను జెర చెప్పి చూడనా?" అంది. సంతోషి వద్దంది. "ఆమెకు కోపం చేసుకోవడానికి నేనన్న ఉన్న లిడియక్కా. నేను గూడ లేకుంటె ఆ కోపం ఎవల మీద పోస్తది?"

దినాల నాటికి రోడ్డు బాగయింది. సెలవు దొరకబుచ్చుకుని కిషన్ వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. ఇరవై అయిదేళ్లుంటాయేమో, గడప బయటే నిలబడి లోపలికి రావడానికి జంకాడు. తలకొరివి పెట్టింది తాను కాబట్టి ఆ తల్లి ఏమంటుందోనని అతని భయం.

సారక్క అతన్ని ఎగాదిగా చూసింది. "లోపలికి రా" అంది. చాప మీద కూర్చోబెట్టి ఎదురుగా తానూ కూర్చుంది. సంతోషి తలుపు చాటున నిలబడింది.

"ఆ పొద్దు వాడేమన్న తిన్నడా?"

"చాయ్ తాగిండవ్వా. రెండు బిస్కెట్లు తిన్నడు. రొట్టె తినబుద్ధి అయితలేదన్నడు."

"చలి పెట్టిందా?"

"పెట్టింది. నా జాకెట్ గూడ కప్పిన. ఇంకా, మా మెస్సుల వండె ఆమె ఉంటది, ఆ ఊరామెనే. పేరు యామి. ఆమె వంట ఇడిచిపెట్టి వచ్చింది. ఆవనూనె కాచుకొచ్చి అన్న కాళ్లకు రుద్దుకుంట కూసున్నది. ఆఖరిదాక పాదాలు ఇడువలే."

సారక్క ముందుకు వంగింది. "ఎంత వయసుంటది ఆమెకు?"

"నీ అంత ఉంటది అవ్వా."

"వాని భాష ఆమెకు వస్తదా?"

"రాదు. ఆమె భాష మాకు రాదు. ఏందో మాట్లాడుకుంటనే రుద్దింది, పిల్లగాన్ని ఊకోబెట్టినట్టు. అన్న కండ్లు మూసినంక మా అందరికంటె ముందు ఆమెనే ఏడ్చింది. కట్టెలు అంటుకోకుంటె వాళ్లింట్ల దాచుకున్న పొడి కట్టెలు గూడ మోసుకొచ్చింది."

"ఏమన్నవు పేరు?" అని సారక్క అడిగింది.

"యామి."

"యామి" అంది సారక్క. నోటికి పట్టేదాకా రెండుమూడుసార్లు అనుకుంది. తరవాత చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, కొడుకు పోయినప్పటి నుంచి ఒక్కసారి కూడా ఏడవని ఆ మనిషి బిగ్గరగా, వాడకట్టంతా వినబడేలా ఏడ్చింది. కిషన్ ఆమె కాళ్లు పట్టుకున్నాడు. ఆమె అతని గుండు మీద చెయ్యి వేసి నిమురుతూనే ఏడ్చింది.

తలుపు చాటున ఉన్న సంతోషి పెరట్లోకి పోయి నీళ్ల డ్రమ్ము పక్కన కూర్చుంది. ఇన్ని రోజులు చుట్టాలకు చాయ్‌లు పెట్టడం, ప్రణవిని ఊకోబెట్టడం, ఫోన్లు ఎత్తడం. ఆమెకు కూర్చుని ఏడ్చే తీరికే చిక్కలేదు. ఇప్పుడు వచ్చింది ఏడుపు. ఎంతసేపు ఏడ్చిందో ఆమెకే తెలియదు. తల ఎత్తేసరికి పక్కన సారక్క ఉంది. ఎప్పుడు వచ్చిందో, గోడ పట్టుకుని మెల్లగా కిందికి దిగి కోడలి పక్కన కూర్చుంది.

"ఆ పిల్లగాడు దూరంకెల్లి వచ్చిండు. ఆకలితోని ఉన్నడు" అంది సారక్క. ఇన్ని రోజుల తరవాత కోడలితో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

"పెడత అత్తా."

"పెడుదువు గని. జెర సేపు కూసో."

ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయింది. ఇంటి గోడలు సన్నగా అదిరాయి. డ్రమ్ములో నీళ్లు కదిలాయి. ఇద్దరూ లేవలేదు. సంతోషి ముక్కు చీదుకుని చెంగుతో ముఖం తుడుచుకుంది. సారక్క ఆమెకేసి చూడకుండానే, జారిపోయిన కోడలి కొంగును తీసి భుజం మీద వేసి, చెయ్యి అక్కడే ఉంచింది.